అంచు మీద గాడిద

పేరయ్య గీసిన హంస ఈదుతుందని పేరాల నేతగాళ్ల వీధిలో చెప్పుకునేవాళ్లు. ఒకసారి అతను గీసిన మామిడిపిందెల అంచు చీరను దండెం మీద ఆరేస్తే, ఎక్కడినుంచో చిలక వచ్చి రెండు పిందెలు కొరికి పోయిందని, ఆ రెండు చోట్లా చీరకు చిల్లులు పడ్డాయని రంగయ్య భార్య అంకమ్మ ఒట్టేసి చెప్పేది. ఆ చిల్లులు ఎలుకలు కొట్టినవని అందరికీ తెలుసు. అయినా ఎలుక మాట ఎవరూ ఎత్తేవాళ్లు కాదు.

పేరయ్యకు మగ్గం లేదు. చిన్నప్పుడు నేశాడు కానీ, చేతిలో గీత ఉందని సొసైటీవాళ్లు లేపి బల్ల దగ్గర కూర్చోబెట్టారు. అరవై మగ్గాల సొసైటీకి అంచులు, కొంగులు గీసేది అతనొక్కడే. అతని ముందు ఎప్పుడూ గళ్ల కాగితం ఉండేది. బొమ్మ పడాల్సిన గడులన్నీ ఎర్రసిరాతో నింపేవాడు. ఆ కాగితం మీరావలి ఇంటికి వెళ్లేది. మీరావలి ఒక్కో గడుల వరసకు ఒక్కో అట్ట చొప్పున తీసుకుని, సిరా ఉన్నచోటల్లా చిల్లు కొట్టేవాడు. ఆ అట్టలన్నిటినీ దండలా కుట్టి మగ్గం పైన జాకార్డుకు వేలాడదీస్తే, చిల్లు ఉన్నచోట పోగు లేచేది, లేనిచోట పడుకునేది. అలా కాగితం మీది హంస చీర అంచు మీదికి దిగేది.

అతని జీవితంలో ఇంకో పని కూడా ఉండేది. దాన్ని పనంటే అతని భార్య వెంకటేశ్వరమ్మ ఒప్పుకునేది కాదు. పాడైన గళ్ల కాగితాల వెనుక పిల్లల కోసం పాటలు కట్టి, ఆ పాటకు తగ్గ బొమ్మ గడులు నింపి గీసేవాడు. వాళ్లకు పిల్లల్లేరు. వీధిలో పిల్లలంతా బడికి పోతూ వాళ్ల అరుగు మీద ఒక కాలు వేసి పోయేవాళ్లు. ముందు పాట చెప్పేవాడు, బొమ్మ మాత్రం దాచేవాడు. పాట నోటికి వచ్చాకే బొమ్మ. పదిరోజులు ఆగాల్సి వచ్చినా పిల్లలు ఆగేవాళ్లు.

ఆ ఏడాది ఎండాకాలంలో అతను కట్టిన కాకి పాట కొంప మీదికి తెచ్చింది.

తాళాల గుత్తి తగిలించుకుని
కాకయ్యగారు కాపలా కాసె;
తలుపు లేదని తర్వాత తెలిసి
తాళం కప్పను తలకే వేసె!

సొసైటీ ప్రెసిడెంటు కోటిలింగం గారు మొలతాడుకు పద్నాలుగు తాళంచెవుల గుత్తి కట్టుకుని తిరిగేవారు. ఆయన కొంచెం నలుపు కూడా. పాట వీధంతా పాకింది. కోటిలింగం గారు ఒకరోజు పేరయ్య బల్ల దగ్గరికి వచ్చి నిలబడి, ఎర్రసిరా బుడ్డికి మూత పెట్టి, చాలా మెల్లగా అన్నారు.

"పేరయ్యా, ఇది సొసైటీ సిరా. సొసైటీ కాగితం. ఇంకొక్క జంతువు నీ ఇంటి అరుగు మీద కనపడిందో, ఈ బల్ల దగ్గర నువ్వు కనపడవు."

"హంసలు గీయొచ్చాండీ?"

"చీర మీద గీయి."

అరిచి ఉంటే పేరయ్య భయపడేవాడు కాదు. ఆయన మెల్లగా అన్నారు. నలభై రెండేళ్ల వయసులో ఆ బల్ల తప్ప అతనికి ఇంకో బతుకు తెలియదు. గుంట మగ్గంలో కాళ్లు పెట్టి ఇరవై ఏళ్లు దాటింది. అయినా నెల తిరక్కుండా గాడిద పాట కట్టాడు. ఎంత ఆపుకున్నా ఆగలేదు.

గాడిదగారూ గాడిదగారూ
గొడుగేసుకుని ఎక్కడికండీ?
చెప్పుల కొట్టుకు పోతున్నానండీ
రెండు జతలిస్తే వచ్చేస్తానండీ!

బొమ్మ కూడా గీశాడు. గొడుగు పట్టుకున్న గాడిద, రెండు వేళ్ల ఎత్తు, చెవులు గొడుగుకు తగులుతూ. ఈసారి అరుగు మీద కాదు, ఇంటిలోపల తలుపు చాటున చూపిస్తానని, అదీ మూడునెలల పరీక్షలు అయ్యాకేనని పిల్లలకు మాటిచ్చాడు. కాగితం చుట్టి, నూలుపోగు కట్టి, మూతి పగిలిన కూజాలో నిలబెట్టాడు. అదే కూజాలో, అదే కొలత కాగితం మీద, అదే నూలు కట్టిన హంసల అంచు కూడా ఉంది.

ఆ హంసల అంచు మామూలు అంచు కాదు. హైదరాబాదు నుంచి కొనుగోలు ఆఫీసరు వస్తున్నాడు. నమూనా నచ్చితే రెండు వందల చీరలు. ఆశ్వయుజం, కార్తీకంలో వానలు పడి మగ్గం గుంటల్లో నీళ్లు ఊరకముందే ఆ రెండు వందలూ నేస్తే, వానలు తగ్గేదాకా వీధిలో పొయ్యిలు వెలుగుతాయి. పేరయ్య కూజాలోంచి కాగితం చుట్ట తీసి మీరావలి చేతికి ఇచ్చాడు. ఆ సాయంత్రమే చలిజ్వరం పట్టుకుని పదిరోజులు మంచం దిగలేదు. ఎప్పుడూ కొత్త అంచు ఎక్కితే మొదటి జానెడు నేత దగ్గర నిలబడి చూసుకునేవాడు. ఈసారి చూడలేదు.

ఆఫీసరు వచ్చే సోమవారం పొద్దున పరీక్షలైన పిల్లలు ఏడెనిమిది మంది తలుపు చాటున చేరారు. ముందు నిలబడ్డది రంగయ్య కూతురు మల్లేశ్వరి.

"పాట చెప్పండి ముందు," అన్నాడు పేరయ్య. అందరూ కలిసి గొంతు తగ్గించి చెప్పారు. తాళంచెవుల సంగతి వాళ్లకూ తెలుసు.

పేరయ్య నూలు విప్పి కాగితం పరిచాడు.

"గాడిదేది మామయ్యా?" అంది మల్లేశ్వరి. "ఇవి బాతులు."

బాతులు కావు, హంసలు. పేరయ్యకు జ్వరం మళ్లీ తిరగబెట్టినట్టయింది. హంసలు ఇక్కడుంటే మీరావలి దగ్గరికి ఏం వెళ్లింది? గోడ గడియారం ఎనిమిదిన్నర చూపిస్తోంది. ఆఫీసరు బండి పదకొండుకు.

కండువా కూడా వేసుకోకుండా వీధిలో పడ్డాడు.

మీరావలి ముంగిట్లో చాప మీద కూర్చుని పాత అట్టలు విప్పుతున్నాడు. ముప్ఫై ఏళ్లుగా అట్టలు కొడుతున్న మనిషి. ఆయన పద్ధతి ఒకటుంది. గళ్ల కాగితం మీద చెక్కపట్టీ పెట్టి, ఒక్క వరస తప్ప మిగిలినదంతా కప్పేసేవాడు. ఆ వరస కొట్టడం అయ్యాక పట్టీ ఒక గడి కిందికి జరిపేవాడు. కొట్టినంతసేపు ఆయనకు కనిపించేది ఒక్క వరసే.

"మామా, మొన్న నువ్వు కొట్టింది ఏం బొమ్మ?"

"బొమ్మ నాకెందుకురా? బొమ్మ చూస్తే మనసు బొమ్మ మీదికి పోద్ది. లెక్క తప్పుద్ది."

"ఏదైనా కొత్తగా అనిపించలేదా?"

మీరావలి గడ్డం గోక్కున్నాడు. "ఒకచోట పద్దెనిమిది వరసలు ఒకే ఒక్క గడి నిలువునా దిగింది. హంస మెడ ఇంత సన్నంగా గీశాడేంటి, జొరంలో గీశాడేమో పాపం అనుకున్నా."

"మెడ కాదు మామా. గొడుగు కర్ర."

ఏ గొడుగో, ఎవరి గొడుగో పేరయ్య చెప్పాడు. మీరావలి నవ్వలేదు. చేతిలో అట్ట పక్కన పెట్టేశాడు.

"కోటిలింగం గారు పోయిన నెలే అన్నాడురా, ముసలోడివి అయిపోయావు, కళ్లు పోయినయ్యి, ఇంకొకళ్లని చూస్తానని. ఇప్పుడు గాడిదొచ్చిందంటే ఎవరి మీదికి తోస్తాడు? నువ్విచ్చిందే కొట్టానని నేనంటే నమ్ముద్దా లోకం?"

"నేను చెప్తాను కదా."

"చెప్తావులే," అన్నాడు మీరావలి. ఆ మాటలో నమ్మకం ఉందో లేదో తెలియలేదు. తెలుసుకునే తీరిక కూడా పేరయ్యకు లేదు.

నమూనా చీర నేసిన రంగయ్య ఇంట్లో మగ్గం ఖాళీగా ఉంది. చీర కోసి నిన్న సాయంత్రమే ఆఫీసుకు చేర్చాడు.

"ఒరేయ్, నేసేవాడివి, నీకు కనపళ్లేదా?"

"నాకేం కనపడుద్దిరా? చీర బోర్లా నేస్తాం. మంచి వైపు కిందుంటది. నావైపు పోగులు తప్ప ఏముంటాయి?"

పొయ్యి దగ్గరినుంచి అంకమ్మ తల తిప్పింది. "నేను అద్దం కిందపెట్టి చూశానన్నయ్యా. గుర్రాలొస్తున్నాయని చెప్పా ఈయనకి. పెద్దోళ్లు డిజైను మార్చుకున్నారేమోలే, మనకెందుకన్నాడు."

పేరయ్య ఆమెవైపు చూశాడు. గుర్రాలు. ఆ ఒక్క మాట పట్టుకుని కొంచెంసేపు ఊపిరి తీసుకున్నాడు. గాడిదను గుర్రం అనుకునేవాళ్లు లోకంలో ఉన్నారన్నమాట. కానీ కోటిలింగం గారు అనుకోరు.

సొసైటీ ఆఫీసుకు చేరేసరికి తొమ్మిదిన్నర. గుమస్తా పానకాలు బల్లల మీద కొత్త దుప్పటి పరుస్తున్నాడు. చీర బీరువాలో ఉంది. బీరువా తాళంచెవి కోటిలింగం గారి మొలతాడుకు ఉంది. కోటిలింగం గారు జట్కా కట్టించుకుని స్టేషనుకు వెళ్లారు.

"ఆయన చూశాడా చీరని?"

"ఎట్టా చూస్తాడు? నమూనా చీర మడత కొనేవాళ్ల చేత్తోనే విప్పించాలని ఆయన పట్టు. ముందు మనం విప్పితే దిష్టంట." పానకాలు దుప్పటి మడత సరిచేశాడు. "ఏంటి, నీ మొహం అట్టా ఉంది?"

పేరయ్య చెప్పలేదు. చెబితే పానకాలు పరుగెత్తుకెళ్లి నలుగురికి చెబుతాడు. గడప మీద కూర్చున్నాడు. తను చెప్పాల్సిన మాటను లోపల పది రకాలుగా పేర్చుకున్నాడు. ఏ రకంగా పేర్చినా చివర గాడిదే నిలబడింది. పది గంటలకల్లా నేతగాళ్లు ఒక్కరొక్కరే వచ్చి గోడవారగా నిలబడసాగారు. అందరూ ఉతికిన చొక్కాలు వేసుకొచ్చారు. మీరావలి కూడా వచ్చి అందరికన్నా వెనక నిలబడ్డాడు.

పదకొండుంబావుకు జట్కా ఆగింది. పేరయ్య ఎదురెళ్లాడు.

"అయ్యా, ఒక్క మాట."

"తర్వాత."

"చీర గురించేనండి."

"తర్వాతన్నానా," అంటూ కోటిలింగం గారు నవ్వుమొహంతోనే అతన్ని మోచేత్తో పక్కకు నెట్టి, ఆఫీసరుకు దారి చూపించారు.

ఆఫీసరు బక్కపలచని మనిషి, కళ్లజోడు. కుర్చీలో కూర్చుని మజ్జిగ తాగాడు. బీరువా తెరుచుకుంది. గుడ్డలో చుట్టిన చీర బల్ల మీదికి వచ్చింది. ఆఫీసరు మడత విప్పాడు. రెండు మడతలు, మూడు మడతలు. కిటికీ ఎండ జరీ మీద పడింది.

బారెడు పొడుగునా గాడిదలు. ఒకదాని వెనక ఒకటి, అన్నీ గొడుగులు వేసుకుని, అన్నీ ఒకే కొట్టుకు పోతున్నట్టు.

కోటిలింగం గారి మెడ మీద నరం లేచింది. ఆయన ముందు చీరను చూశారు, తర్వాత పేరయ్యను చూశారు. ఆఫీసరు అంచును కంటి దగ్గరికి తీసుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు.

"హంసలని రాశారు కదా ఉత్తరంలో? ఇది గుర్రం." వేలితో తడిమాడు. "పైన శ్వేతచ్ఛత్రం. ఓహో. అశ్వమేధమా?"

కోటిలింగం గారి గుటక గదంతా వినిపించింది.

"చిత్తం," అన్నారు. "అశ్వమేధమేనండి."

"బాగుంది. ఎక్కడా చూడలేదు ఇలాంటిది. పురాణం మీద మనవాళ్లకు ఇంత పట్టుందన్నమాట. ఎవరు గీశారు?"

కోటిలింగం గారు పేరయ్య వైపు చెయ్యి చూపించారు. ఆ చేతికి పైన ఉన్న కళ్లు మాత్రం నోరు మూసుకొమ్మన్నాయి. ఆఫీసరు కలం తీసి, రెండు వందలు, అశ్వమేధం అంచు అని రాయడం మొదలుపెట్టాడు. నమూనాకు ముద్ర వేయాలి. పానకాలు కొవ్వొత్తి వెలిగించి లక్క పట్టాడు. ముద్ర పడిందంటే ఇక రెండు వందల చీరలూ పోగు తేడా లేకుండా అలాగే నేయాలి.

పొద్దుటినుంచి మొదటిసారి పేరయ్య గుండె కుదుటపడింది. బల్ల పోదు. మీరావలికీ ఏం కాదు. అందరికీ పని. ఇంతకన్నా ఏం కావాలి? నోరు మెదపకుండా నిలబడితే చాలు.

అప్పుడు అతనికి పొద్దుటి పిల్లల గొంతులు తలపుకొచ్చాయి. పదిరోజులుగా చీరాల, పేరాల బళ్లలో ఆ పాట పాడని పిల్లవాడు లేడు. గొడుగేసుకున్న జంతువును ఏ అంచు మీద చూసినా వాళ్లు దాని పేరు అడగరు, వాళ్లకు తెలుసు. కార్తీకంలో ఏ పెళ్లిపీటల మీదో ఆ చీర కట్టుకుని కూర్చున్న పిల్ల ముందు పాట మొదలవుతుంది. ఆ తర్వాత రెండు వందల చీరలూ తిరిగి వస్తాయి. తర్వాత ఈ వీధి నూలును ఎవరూ ముట్టుకోరు.

లక్క కరిగి బొట్టు వేలాడుతోంది.

"అయ్యా, అది గుర్రం కాదండి," అన్నాడు పేరయ్య. "గాడిద. నేనే గీశాను. పిల్లల పాటకు గీసింది. హంసల కాగితం అనుకుని నేనే తప్పు చుట్ట ఇచ్చాను. అట్టలు కొట్టినాయన తప్పు లేదు, నేసినవాడి తప్పు లేదు. ఇచ్చింది ఇచ్చినట్టు ఒక్క గడి తప్పకుండా చేశారు వాళ్లు."

లక్క బొట్టు దుప్పటి మీద పడింది. పానకాలు చూసుకోలేదు.

ఆఫీసరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకుని అంచు చూశాడు. ఈసారి చెవులు చూశాడు.

"ఒక్క నిమిషం ఆగి ఉంటే నాకీ సంగతి తెలిసేది కాదు."

"దీపావళికల్లా తెలిసేదండి."

ఆయన రాసిన కాగితాన్ని నాలుగుగా చింపాడు. "నమూనా మార్చి చూపించండి. మళ్లీ నేనిటు కార్తీకం దాటాకే. ఇదెలా జరిగిందో సంజాయిషీ రాసి ఇప్పించండి, ఫైలుకు కావాలి." కోటిలింగం గారి మజ్జిగ బాగుందని చెప్పి జట్కా ఎక్కాడు. అశ్వమేధం మాట మళ్లీ ఎత్తలేదు.

గోడవార నిలబడ్డ నేతగాళ్లు ఎవరూ పేరయ్యను తిట్టలేదు. ఉతికిన చొక్కాలతో ఇళ్లకు వెళ్లిపోయారు. మీరావలి మాత్రం ఆగి, అతని భుజం మీద ఒకసారి చెయ్యి వేసి తీసేశాడు.

ఆదివారం సర్వసభ్య సమావేశం పెట్టారు. పేరయ్యను బల్ల దగ్గర ఉంచాలా వద్దా అన్నది ఒకటే విషయం. సంజాయిషీ అందరి ముందూ చదవాలని నియమం. ఆఫీసరు అడిగాడు కాబట్టి పాటను కూడా అందులో ఎత్తి రాయాల్సి వచ్చింది. గాడిద కాగితం దానికే కుట్టారు. పానకాలు లేచి, ఎప్పుడూ నూలు ధరలు చదివే గొంతుతోనే చదివాడు.

"సదరు పాట ఈ దిగువన ఉదహరించడమైనది. గాడిదగారూ గాడిదగారూ, గొడుగేసుకుని ఎక్కడికండీ..."

ముందు బెంచీలో ఎవరో ముక్కు చీదినట్టు శబ్దం చేశారు. రెండు జతల దగ్గరికి వచ్చేసరికి మొత్తం కూలిపోయింది. డెబ్భై ఏళ్ల పెద్దమనిషి బెంచీ మీదినుంచి జారి నేల మీద కూర్చుని నవ్వాడు. కోటిలింగం గారు కండువా నోటికి అడ్డం పెట్టుకున్నారు, ఆయన తాళాల గుత్తి మాత్రం గలగలలాడుతూనే ఉంది. పానకాలు ఒక్కడే నవ్వకుండా చివరిదాకా చదివి, కింద సంతకం కూడా చదివాడు. ఆ నవ్వు వింటూ పేరయ్య ఒక్కసారి ఆశపడ్డాడు.

"తొలగించాలన్నవాళ్లు చేతులెత్తండి," అన్నారు కోటిలింగం గారు.

నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్న చేతులే పైకి లేచాయి. రంగయ్య చెయ్యి చెవి దాకా లేచి ఆగింది. కోటిలింగం గారు ఆగి చూశారు. రంగయ్య నేలచూపులు చూస్తూ మిగతాది కూడా ఎత్తాడు. లెక్కపెట్టాల్సిన పని లేకపోయింది.

అప్పటినుంచి తొమ్మిదేళ్లు, చూపు ఆనినంతకాలం, పేరయ్య అద్దెకు తెచ్చుకున్న గుంట మగ్గం మీదే నేశాడు. బల్ల దగ్గరికి మద్రాసులో బొమ్మలు నేర్చుకున్న కుర్రవాడు వచ్చాడు. అతని హంసలకు ఆర్డరు కూడా వచ్చింది. అతని హంసలు ఈదవని వెంకటేశ్వరమ్మ అనేది. పేరయ్య ఔననేవాడు కాదు, కాదనేవాడు కాదు. మీరావలి అట్టలు కొడుతూనే ఉన్నాడు. ఆయన పని జోలికి తర్వాత ఎవరూ పోలేదు.

కానీ ఆ మొదటిరోజు కష్టంగా గడిచింది. గుంటలో దిగితే కాళ్లు ఏ తొక్కుడుచెక్క ఎటో మరిచిపోయాయి. అడ్డపోగు నాడె విసిరితే అవతల అందేలోపల కింద పడింది. రెండు గంటలకు జానెడు గుడ్డ కూడా దిగలేదు. తలెత్తేసరికి గుమ్మం నిండా పిల్లలు. చేతులెత్తిన ఇళ్ల పిల్లలే ముందున్నారు. వాళ్ల వెనక అంకమ్మ చంకలో బిడ్డతో నిలబడి ఉంది.

"అన్నయ్యా, వీళ్లు నా ప్రాణం తీస్తున్నారు. పాటొచ్చింది, బొమ్మేదని. ఆ గాడిదేదో చూపించి పంపు."

"మీ ఆయన చెయ్యెత్తాడుగా అంకమ్మా."

"ఎత్తాడు. రెండు నెలలు మగ్గం ఆగితే మా ఇంట్లో కుండ బోర్లించాలి, ఎత్తడా మరి? దానికీ దీనికీ ఏంటి సంబంధం?"

గాడిద కాగితం ఫైలులో ఉంది. గళ్ల కాగితం ఇక ముట్టుకునే వీల్లేదు. పేరయ్య గూట్లో ఉన్న సుద్దముక్క తీసుకుని, గుంటలోనుంచే చెయ్యి చాచి, అలికిన నేల మీద గీయడం మొదలుపెట్టాడు. గడులు లేకపోయేసరికి చెయ్యి ముందు తడబడింది. తర్వాత గాడిద వీపు ఎక్కడా విరగకుండా ఒకే వంపుగా సాగిపోయింది. అంత గుండ్రటి పొట్ట అతను ముప్ఫై గడుల్లో ఎన్నడూ పట్టించలేకపోయాడు.

"కాస్త జరగండి," అన్నాడు పిల్లలతో. "గొడుగు పెద్దదొస్తోంది."